పెరుమాళ్ళ పళ్లెంలో బ్రిటిష్ కాయ

మా మిద్దె మీద పాత బిందెల్లో మన్ను నింపి టమాటా మొక్కలు పెంచుతున్నాను. పొద్దున్నే పక్క పిలకలు గిల్లేటప్పుడు వేళ్ళకు అంటుకునే ఆ పచ్చి వాసన, కొంచెం చేదుగా, కొంచెం వగరుగా, సబ్బుతో కడిగినా పోకుండా, జపమాల చేతపట్టే వేళ దాకా నా వెంటే వస్తుంది. కళ్ళు మూసుకుంటే మొదట మా నాయన చొక్కా కనబడుతుంది, ఆకు పసరు మరకలతో, గంప ఒరిపిడికి భుజం దగ్గర నలిగిపోయి. ఆ వెనకే చీర కొంగుతో ముక్కు మూసుకున్న మా అవ్వ కనబడుతుంది. మా ఇంట్లో అందరం టమాటాను అరవంలో లాగానే తక్కాళి అనేవాళ్ళం. నాయనను కన్న తల్లి అయిన మా అవ్వ ఒక్కతే దాన్ని బ్రిటిష్ కాయ అనేది.

తమిళనాడులో ధర్మపురి నుంచి కడత్తూరు పోయే బస్సు దిగి, మట్టిదారి పట్టి నడిస్తే మా ఊరు. రాగి, ఉలవ, వేరుశనగ పండే ఎర్రనేల. బావి ఉన్నవాళ్ళకు కాస్త వరి. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. బడిలో అరవ అక్షరాలే నేర్పేవాళ్ళు కాబట్టి తెలుగు చదవడం వచ్చినవాడు ఊరంతటికీ చిన్నప్ప తాత ఒక్కడే. ఆయన అవ్వకు తమ్ముడు, మా భజన గోష్ఠికి పెద్ద. శనివారం శనివారం ఆయన పురాణం చదివి అర్థం చెబుతుంటే, పెద్దవాళ్ళు తలలూపుతుంటే, మేము పిల్లలం చాప అంచుల పోగులు పీకుతూ వినేవాళ్ళం. ఈనాడు నాకు దేవుడి గురించి తెలిసిందంతా ఆ చాప మీద కూర్చుని తెలుసుకున్నదే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. టౌనులో సెల్‌ఫోన్ అంగళ్ళు వచ్చాయి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు భుజాన సంచులతో బస్సుల్లో వేలాడుతూ పోయేవాళ్ళు. దేశమంతా వదిలిపోయిన బ్రిటిష్ వాళ్ళు మా ఇంట్లోంచి మాత్రం ఇంకా పోలేదు. వాగు మీద రాతి వంతెనను చూపి "బ్రిటిష్ కట్టడం, కదలదు" అనేది అవ్వ. దాని పక్కన కొత్తగా వేసిన తూము తొలి వానకే కుంగిపోయినప్పుడు ఆ మాటను ఊరంతా తిప్పి తిప్పి అనింది. చెప్పిన వేళకు తప్పక వచ్చే చిన్నప్ప తాతది బ్రిటిష్ టైము. గుక్కెడు నీళ్ళడిగితే తలుపేసుకునే ఎదురింటామెది బ్రిటిష్ గుణం. తన పాలు తినేసి పక్కవాళ్ళ ఆకులోకి చూసేవాడిది బ్రిటిష్ కడుపు. సూది వేస్తే బ్రిటిష్ మందు, మా అత్తకు తెల్లటి పిల్ల పుడితే బ్రిటిష్ బిడ్డ. మెచ్చుకోలుకూ అదే మాట, తిట్టుకూ అదే మాట. అవ్వ గొంతును బట్టి ఏదో తెలిసిపోయేది. ఇంతగా ఆ మాటతో కాపురం చేసిన మనిషి ఒక్క బ్రిటిష్ వాణ్ణయినా కళ్ళారా చూసింది లేదు. చూసిందల్లా వాళ్ళ మనుషులు కొట్టగా ఇంటికి వచ్చిన తన తండ్రి వీపును.

ఆ కథ మా అందరికీ తెలుసు. మా ముత్తాత, అంటే అవ్వకూ చిన్నప్ప తాతకూ తండ్రి, భజన ఊరేగింపు తీస్తుంటే తెల్లదొర కింది అధికారి ఎవడో అడ్డుపడి, తాళాలు లాక్కుని, నడి దారిలో ఆయనను కొట్టించాడట. ఆ రాత్రి ముత్తాత పెరుమాళ్ళ ముందు పసుపు గుడ్డ ముడివేసి మొక్కుకున్నాడు. దొర తెచ్చిన కాయ ఏదీ స్వామి వంటింట్లోకి రాదని. ఆయన ఆ తరువాత ఎంతో కాలం బతకలేదు. మొక్కు మాత్రం బతికింది. ఏటా మా గోష్ఠి ఆ పసుపు గుడ్డకు కొత్త ముడి ఒకటి కలిపేది. ముడి మీద ముడి పడి, భజన మందిరం వంటింటి ద్వారబంధానికి అది పెద్ద కందగడ్డ లాగా వేలాడేది. పొడుగువాళ్ళు వంగి లోపలికి పోవాల్సి వచ్చేది.

మాకు ఏడాదిలో పెద్ద నెల పెరటాసి, అరవ లెక్కలో పెరుమాళ్ళ నెల. వానలకు ముందు ఉక్కపోత, ఉన్నట్టుండి ఒక చల్లటి గాలి, తులసి దండల వాసన. నెలంతా నీచు ముట్టం. శనివారాల్లో పిల్లలం నుదుట నామాలు పెట్టుకుని, ఇత్తడి చెంబులకు కూడా నామాలు దిద్ది, ఇల్లిల్లూ తిరిగి "గోవిందా" అని అరుస్తుంటే, గడపలో నిలబడి పిడికెడు బియ్యం పోసేవాళ్ళు. కోమటి ఇంట సన్నబియ్యం, కూలి ఇంట రేషన్ బియ్యం, అన్నీ ఒకే చెంబులో కలిసిపోయేవి. ఆ బియ్యంతోనే మూడో శనివారం తళిగ. అరిటాకుల మీద అన్నం రాశిగా పోసి, పులిహోర, మిరియాల పులగం, బెల్లం పొంగలి, నువ్వుల ఉండలు, గుమ్మడికాయ కూర, చిక్కుడుకాయ, చేమదుంప చుట్టూ పేర్చి స్వామికి చూపేవాళ్ళు. వండేది అవ్వ. తడి చీరతో, నోటికి గుడ్డ కట్టుకుని వండేది. స్వామి కంటే ముందు ఎవరూ రుచి చూడకూడదు, వాసన కూడా పీల్చకూడదు. ఉప్పు చేతి కొలత, పులుపు కంటి కొలత. కోసు, కేరట్, బీన్సు, ఉర్లగడ్డ, తక్కాళి ఆ పసుపు గుడ్డ దాటి లోపలికి వచ్చిన రోజు లేదు.

వరసగా రాగి ఎండిపోయిన కరువుల తరువాత, ఒక ఏడు మంచి వాన పడింది. పాలక్కోడు వైపు వాళ్ళంతా తక్కాళి వేసి నిలదొక్కుకున్నారని విని నాయన కూడా బావి కింది కయ్యలో నారు పోశాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. బడి నుంచి రాగానే పుల్లలకు తీగ కట్టడం నా పని. పూత చిన్న పచ్చ చుక్కల్లా వచ్చి, కాయ లేత పచ్చగా ఉబ్బి, ఆకుల చాటున ఒక మూల మొదటి ఎరుపు తిరిగిన రోజున నాయన కాయను కోయకుండా రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు ఒక నియమం. ఏ పంటైనా మొదటి కోత పెరుమాళ్ళకు. స్వామికి చూపనిది మేము తినం, సంతకు పోదు. రాగి కంకయినా, వేరుశనగ కట్టయినా అంతే.

పెరటాసి మొదటి శనివారం పొద్దున నాయన తలస్నానం చేసి, నామం పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని భజన మందిరానికి పోయాడు. వెనకే నేను. అవ్వ వంటింటి గడపలో చేట అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఆ గంప ఆడే దించు," అనింది.

"సామికి తెచ్చినానమ్మా. మొదటి కోత."

"బ్రిటిష్ కాయ ఈ గడప దాటదు. మా నాయన మొక్కు."

"మన నేల, మన బావి నీళ్ళు. నీ మనవరాలు తీగ కట్టింది. దీంట్లో దొర యాడున్నాడు?"

"విత్తనంలో ఉన్నాడు."

నాయన గంప దించాడు. ఆయన మా గోష్ఠికి మద్దెల వాయించేవాడు. గోడకు వేలాడుతున్న మద్దెలను తీసి, గుడ్డతో తుడిచి, చిన్నప్ప తాత ముందు పెట్టాడు.

"మామా, ఈ పంట సామికి పనికి రాదంటే, దీన్ని నమ్ముకుని బతికే మేము పనికొస్తామా? ఇది లోపలికి పోయిననాడు నేనూ వస్తాను," అన్నాడు.

ఆ మాట మీద ఇద్దరూ నిలబడిపోయారు. నాయన కోయలేదు, అమ్మలేదు, ఒక్క కాయ ఇంటికి తేలేదు. తోట ఎర్రబడింది. మొదట అందంగా ఉండింది. మూడు నాలుగు రోజులకు కాయలు మెత్తబడి, పిట్టలు పొడిచి, కింద రాలినవి ఎండకు పులిసి, ఆ వాసన ఇంటి దాకా వచ్చింది. "తల్లీ కొడుకూ పట్టుదలకు పోతే పంట పోతాది," అని అమ్మ పొయ్యి ముందు తనలో తాను అనుకునేది. అవ్వ విననట్టు రాగిముద్ద కెలికేది. కానీ ఆమె తోట వైపు పోయి కట్ట మీద నిలబడి చూసి రావడం నేను చూశాను. రెండు పూటలూ ఆమె సరిగ్గా తినలేదు. కొడుకు పంట నేలపాలవుతుంటే చూడలేని తల్లి, తండ్రి మొక్కును తాను విప్పలేని కూతురు, ఇద్దరూ ఒకే ఒంట్లో ఉన్నారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. ఏదైనా చేయాలి.

ఆ నెలలోనే చిన్నప్ప తాత నాకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాడు. తళిగ నాడు మొక్కు పద్యం ఈసారి నేను పాడాలని ఆయన కోరిక. ముత్తాత తానే కట్టిన పద్యం అది. ఏటా ముడి వేసేటప్పుడు అందరూ తాళాలతో పాడేవాళ్ళు, రెండు పాదాలు నిదానంగా, చివరి రెండూ గుర్రం పరుగులా. పెద్దవాళ్ళ తెలుగు, మాకు అలవాటు లేని మాటలు; నోటికి వచ్చేది గానీ అర్థం ఎవరూ వెతకలేదు. అరుగు మీద కూర్చుని పలక మీద ఆయన చెబుతుంటే రాశాను.

పరుల ఏలుబడి ఈ భువి వీడుదాక
పరుల పంటలు నీకు పళ్లెరాన నిడము
మరలి వారేగిన నాడు మా ముడి విప్పి
తిరుమలేశా నీకు తీర్చెదము మొక్కు

పరుగు లేకుండా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేసరికి మూడో పాదం దగ్గర నా బలపం ఆగింది.

"తాతా, ముడి విప్పి అంటే విప్పాల అనే గదా?"

"అంతే."

"మరలి ఏగిన నాడు అంటే వాళ్ళు పోయిన నాడు. వాళ్ళు పోయినారు గదా తాతా. బడిలో చెప్పినారు. మనమేమో ఏటా ఇంకో ముడి వేస్తున్నాము."

తాత పలక తీసుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టి, పెదాలు కదుపుతూ చాలాసేపు చూశాడు. "పాడేటప్పుడు రాగం చూసుకున్నాను పాపా. మాట చూసుకోలా," అన్నాడు. ఊరికంతా పురాణాలకు అర్థం చెప్పిన మనిషి అలా అనడం నేను మొదటిసారి విన్నాను.

పలకతోనే అవ్వ దగ్గరికి పోయాం. ఆమె విని, పలకను తాకి కళ్ళకు అద్దుకుంది, అది తండ్రి మాట కాబట్టి. తరువాత అనింది:

"పోయినారని ఎవురు చూసినారు?"

"అదేమిక్కా, రేడియోలో చెప్పినారు గదా ఆ దినం."

"రేడియో వాన వస్తాదని కూడా చెప్తాది. నాయన కన్ను మూసిననాడు వాళ్ళు ఉండినారు. పోయింది ఆయన చూడలా, నేనూ చూడలా. చూడకుండా మొక్కు విప్పితే అది విప్పడమా, తెంపడమా?"

మొక్కు విషయంలో ఆమె చెప్పిందే ధర్మమని ఇప్పటికీ నా నమ్మకం. మొక్కుకున్నంత జాగ్రత్తగానే మొక్కు తీర్చాలి.

పెరటాసి అమావాస్యకు పెద్దలకు నీళ్ళు వదలడానికి హొగేనక్కల్ పోవడం మా ఆనవాయితీ. నాయన రానన్నాడు. చిన్నప్ప తాత, అవ్వ, నేను పోయాం. బస్సు దిగీ దిగగానే చేపలు వేయించే వాసన. నీచు ముట్టని నెల కాబట్టి అవ్వ కొంగు ముక్కున పెట్టుకుని, "పుణ్యానికొస్తే పాపం ఎదురొస్తాది," అంటూ గబగబా నడిచింది. కావేరి ఎర్రగా, నిండుగా ఉంది. జలపాతం తుంపర దూరం నుంచే ముఖానికి కొట్టింది. పుట్టి నడిపేవాళ్ళు ఆ గుండ్రటి తడికె పడవలను బోర్లించి గొడుగుల్లా నెత్తిన మోసుకుపోతున్నారు. తాత మునిగి లేచి, తడి పంచెతో నువ్వులూ నీళ్ళూ వదిలి, తండ్రి పేరు చెప్పి ఒడ్డుకు వచ్చాడు. తల దువ్వుకుంటున్న అవ్వ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఎదుటి బండ మీద ఒక తెల్లవాడు బోర్లా పడుకుని ఉన్నాడు. నూనె మర్దన చేసే మనిషి అతని నడుము మీద మోకాలు ఆనించి, రొట్టె పిండిలా పిసుకుతున్నాడు. వీపు ఎండకు కమిలి, మా తోటలోని కాయల్లా ఎర్రగా మెరుస్తోంది.

అవ్వ దువ్వెన కొప్పులోనే గుచ్చి వదిలేసి, బండలు పట్టుకుని నేరుగా అక్కడికి నడిచింది. ఏమంటుందోనని నేను వెంట పరుగెత్తాను. దగ్గరికి పోయి ఆ వీపునే చూస్తూ నిలబడింది. ఆమెకు తెలిసిన వీపు ఇంకొకటి ఉంది కదా.

"అడగవే పాపా. ఇంగ్లీషు చదువుతావు గదా. బ్రిటిషా అని అడుగు."

నోటికి వచ్చిన రెండు మాటలు కూడగట్టి అడిగాను. అతను తల ఎత్తి నవ్వాడు. కాదు కాదు అని చెయ్యి ఊపి, తనది ఫిన్లాండ్ అన్నాడు. ఆ పేరు మేమెవరం అంతవరకు విని ఉండలేదు.

"మరి బ్రిటిషోళ్ళు యాడ?" అని అవ్వ మర్దన చేసే మనిషిని అడిగింది. అతనిదీ ఇంట్లో తెలుగే.

"నాకేమి తెలుసవ్వా? అన్ని దేశాలోళ్ళ వీపులూ ఒకే మాదిరి ఉంటాయి. ఎవురొచ్చినా, నూనె ఆరేదాకే. ఆరినాక బస్సెక్కి పోతారు. ఒకడూ నిలవడు."

"వీపు కాలిపోతాంది పాపం. నీడకు జరపయ్యా," అని అతనికి చెప్పి అవ్వ వెనక్కి తిరిగింది. ఒడ్డుకు వచ్చాక, తడి పంచె పిండుకుంటున్న తమ్ముడి ముందు నిలబడి, "నిజంగానే పోయినారు రా," అనింది. "మళ్ళీ నీళ్ళల్లోకి దిగు. నాయనకు ఇంకో దోసెడు వదులు. చెప్పి వదులు."

చిన్నప్ప తాత మొలలోతు నీళ్ళలోకి దిగాడు. దోసిలి ఎత్తాడు. జలపాతం హోరులో కూడా ఆ మాట నాకు వినబడింది.

"నాయనా. వాళ్ళు పోయినారు."

మూడో శనివారం తెల్లవారకముందే అవ్వ నన్ను లేపింది. "మీ నాయనతో చెప్పు, గంప తెమ్మని. మద్దెల ఎండకు పెట్టమని." మేము మందిరానికి పోయేసరికి ఆమె ముక్కాలిపీట ఎక్కి పసుపు గుడ్డ ముడులు విప్పుతోంది. ఏళ్ళ తరబడి పొగకూ నూనెకూ బిగుసుకుపోయిన ముడులవి. ఎవరో కొడవలి తెస్తామంటే, "కోసేది గాదు, విప్పేది," అనింది. గోళ్ళతో, పళ్ళతో, తుమ్మ ముల్లుతో ఒక్కొక్కటే విప్పింది. నాయన గంప దించి, పీట కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. చివరి ముడిని, ముత్తాత వేసినదాన్ని, మాత్రం ముల్లు పక్కన పెట్టి ఉత్త వేళ్ళతోనే విప్పింది. లోపల ఆ గుడ్డ ఇంకా పసుపుగానే ఉంది.

ఆ పూట పద్యాన్ని నాలుగు పాదాలూ నిదానంగా పాడించాడు చిన్నప్ప తాత. నాయన మద్దెల మీద చెయ్యి ఆపి ఆపి వేశాడు. తళిగలో అన్నిటితో పాటు తక్కాళి చారు గిన్నె కూడా చేరింది. తెర తీశారు, గంట మోగింది, కర్పూరం వెలుగులో ఆ ఎర్రటి చారు తళుక్కుమంది, మా నాయన కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు.

బంతిలో కూర్చున్నాక చారు వడ్డించారు. మొదటి గుక్క తాగిన చిన్నప్ప తాత కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పక్కాయన దవడలు బిగించాడు. నాకు చెవుల దాకా జివ్వుమంది. అవ్వ పుట్టి బుద్ధెరిగి తక్కాళి రుచి చూసిన మనిషి కాదు. స్వామి వంట కాబట్టి వండేటప్పుడూ చూడలేదు. అది పుల్లటిదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చారంటే చేతికి అలవాటైన కొలతలో చింతపండు పులుసు పిండి, అందులో గంపెడు తక్కాళి కలిపింది. బంతి అంతా ఒక్క మాట లేకుండా, ముఖాలు వంచుకుని, ఆకులు నాకినట్టు తిన్నారు.

చివరన అవ్వ కూర్చుంది. ప్రసాదం అయ్యాక దాన్ని వద్దనడానికి ఆమెకూ వీలు లేదు. పసుపు గుడ్డ విప్పేటప్పుడే ఆ సంగతి ఆమెకు తెలిసి ఉంటుంది. దోసిట్లో చారు పోయించుకుని, కళ్ళకు అద్దుకుని తాగింది. ముడతల ముఖమంతా ఒక్క చోటికి వచ్చింది.

"ఇంత పుల్లగుంటే ఒక్కరూ నోరు తెరవరేమిరా?"

"ప్రసాదానికి వంక పెట్టగూడదని నువ్వే గదమ్మా నేర్పించినావు," అన్నాడు నాయన.

"వాళ్ళు పోయినా వాళ్ళ పులుపు పోలా," అనింది అవ్వ. బంతి బంతంతా ఒక్కసారిగా నవ్వింది. ఆమె మళ్ళీ దోసిలి పట్టింది. నాయన లేచి తానే పోశాడు. ఆ మధ్యాహ్నమే తోటలో కోత మొదలైంది. పోయినవి పోగా మిగిలిన కాయ సంతకు చేరింది.

ఇప్పుడు అవ్వ లేదు, చిన్నప్ప తాత లేడు. బావి కయ్య ఇళ్ళ స్థలాలయింది. రోడ్డు వెడల్పు చేస్తూ కదలదన్న ఆ రాతి వంతెనను ఒక్క పగటిలో కదిలించారు. తళిగకు ఇప్పుడు టౌను నుంచి వంటవాళ్ళు వస్తారు. గరిటెతో అరచేతిలో పోసుకుని ఉప్పు చూస్తారు. బ్రిటిష్ అనే మాట మా పిల్లలు ఫోను తమతో ఏ ఇంగ్లీషు గొంతుతో మాట్లాడాలో ఎంచుకునేటప్పుడు తప్ప అనరు. అందులో మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మొక్కు తీరిపోయింది కాబట్టి ముత్తాత పద్యాన్ని కూడా గోష్ఠిలో మానేశారు. దానికి నేను ఒప్పుకోను. తీరిన మొక్కునూ తలుచుకోవాలి, లేకపోతే తీర్చినవాడి మేలు మరిచినట్టే. అందుకే శనివారాలు పిల్లలను కూర్చోబెట్టి పలక మీద ఆ నాలుగు పాదాలు రాయిస్తున్నాను, ఒక్కో అక్షరం, పరుగు లేకుండా.

మూడో శనివారం మా ఇంటి తళిగకు చారు నేనే వండుతాను, నోటికి గుడ్డ కట్టుకుని. మిద్దె మీది తక్కాళి వేస్తాను. అవ్వ కొలతలోనే చింతపండు కూడా పిండుతాను. చెవుల దాకా జివ్వుమంటుంది. మా ఇంట్లో ఎవరూ వంక పెట్టరు.